కొంగలంకకు నలభై నిమిషాలు

ధవళేశ్వరం నుంచి కొంగలంక ఎంత దూరం అని అడిగితే ఆ రోజుల్లో ఒక్కొక్కరూ ఒక్కో మాట చెప్పేవారు. ఏటిగట్టు మీద నడిచేవాడు ఇరవై ఆరు మైళ్ళు అనేవాడు. పడవవాడు దిగువకైతే ఒక పూట, ఎగువకైతే రెండు రోజులు అనేవాడు. బుల్లియ్య భార్య మరిడమ్మని అడిగితే ఎసరు పెట్టి గంజి వార్చేంత దూరం అనేది. ఈ మూడో లెక్క మొదటిసారి విన్నప్పుడు నేను బడి అరుగు మీద కూర్చుని కడుపు పట్టుకుని నవ్వాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు. అది పండటం కళ్ళారా చూశాను కాబట్టే ఇది రాస్తున్నాను.

నా పేరు అబ్రహాము. గోదావరి మీద రైలు వంతెన పడటానికి పదేళ్ళ ముందు, కొంగలంకకు సరిగ్గా ఎదురుగా, ఏటిగట్టు మీద ఉన్న మిషన్ బడిలో పంతుల్ని. పెంకుల కప్పు, ముప్పైమంది పిల్లలు, ఒక గోడగడియారం, ఇవీ నా రాజ్యం. చుట్టుపక్కల పది ఊళ్ళకీ గడియారం అదొక్కటే. నెలకోసారి ధవళేశ్వరం వెళ్ళి, అక్కడ కాలువ లాకు దగ్గర కొట్టే గంటకు నా జేబుగడియారం సరిచేసుకుని వచ్చి, దాన్నిబట్టి గోడగడియారం సరిచేసేవాణ్ణి. టైము తెలిసినవాణ్ణని నాకు కొంచెం పొగరుండేది. కొంచెం కాదు, బాగానే ఉండేది.

బుల్లియ్య కొంగలంకలో చేపలు పట్టేవాడు. లంక అంటే ఏటి మధ్య వేసిన ఇసకమేట. ఏడాదిలో పది నెలలు అక్కడ ఏం పెడితే అది పండుతుంది. మిగిలిన రెండు నెలలు ఎప్పుడు ఏరు మీదికొస్తుందోనని ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకోవాలి. అలాంటి చోట నలభై గడపలవాళ్ళు కాపురం ఉండేవారు. బుల్లియ్య పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఆకాశం చూస్తూ నడిచేవాడు. కాబట్టి ఎప్పుడూ దేన్నో ఒకదాన్ని తన్నుకునేవాడు. మా వైపు పుస్తెలమ్మైనా పులస తినమంటారు కదా. ఇతను చేతికి చిక్కిన పులసను జమీందారుగారి పావురాలు చూసే వీరాస్వామికి ఇచ్చి, బదులుగా రెండు పావురాల్ని తెచ్చుకున్నాడు. మరిడమ్మ మూడు రోజులు మొగుడితో మాట్లాడలేదు. నాలుగో రోజు మాట్లాడింది, అది అంతకంటే ఘోరంగా ఉందని బుల్లియ్యే నాతో చెప్పాడు.

ఆ పావురాల వెనక ఒక చావు ఉంది. అంతకు అయిదేళ్ళ ముందు వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం నుంచి గట్టు వెంట మనిషి పరిగెత్తుకుంటూ వచ్చాడు. ఆ మనిషికి ఏడు గంటలు పట్టింది, నీళ్ళకు ఆరే పట్టింది. అతను గట్టు మీద నిలబడి కేక వేసే సరికి లంకలో మోకాలి లోతు నీళ్ళున్నాయి. బుల్లియ్య తమ్ముడు చిట్టియ్య, గేదె తలుగు విప్పడానికని వెనక్కి వెళ్ళి మళ్ళీ రాలేదు. వరదా కబురూ కలిసే వస్తే ఇక కబురెందుకు పంతులుగారూ అని బుల్లియ్య నన్నొకసారి అడిగాడు. రాజమండ్రి నుంచి మద్రాసుకు తంతి ఉంది. కొంగలంకకు లేదు. నా దగ్గర జవాబూ లేదు.

అతను జవాబు గూట్లో పెంచాడు. రెండు పావురాలు ఆరయ్యాయి, ఆరు పదయ్యాయి. వాటిలో మూడిటిని ఏరాడు. నుదుట తెల్ల మచ్చున్న ఆడదాని పేరు చుక్క. అన్నిటికంటే వేగంగా ఎగిరే పడుచుది కుర్రోడు. మూడోది ముసలి పోతు. ఎగరడమంటే బద్ధకం, నడకలో మాత్రం ఎక్కడలేని దర్జా. దానికి దొర అని పేరు పెట్టాడు. దొరగారికి ఒక పాడు అలవాటుండేది. ధవళేశ్వరంలో వదిలితే తిన్నగా లంకకు పోకుండా ముందు మా బడి కప్పు మీద వాలి, పెంకులు పాడుచేసి, తీరిగ్గా రెక్కలు సవరించుకుని అప్పుడు ఏరు దాటేది. దాన్ని అదిలించడం నా ఉద్యోగంలో ఒక భాగమైపోయింది.

వాటి వేగం కొలవడానికి బుల్లియ్య చేసిన పని తల్చుకుంటే ఇప్పటికీ నాకు ముచ్చటేస్తుంది. ఒకే వెదురు చీల్చి మూరెడేసి పుల్లలు రెండు కోశాడు. ఒకటి ఇంటి వాకిట్లో పాతాడు, రెండోది తనతో ధవళేశ్వరం పట్టుకెళ్ళాడు. పుల్ల నీడ అన్నిటికంటే పొట్టిగా అయిన క్షణాన అక్కడ ఇతను పిట్టను వదులుతాడు, ఇక్కడ మరిడమ్మ పొయ్యి మీద ఎసరు పెడుతుంది. ఎన్నిసార్లు చూసినా గంజి వార్చే వేళకు పిట్ట చూరు మీద ఉంటోంది.

అరగంటలో ఇరవై ఆరు మైళ్ళు అబద్ధమని నేను వాదించాను. నల్లబల్ల మీద లెక్క వేసి మరీ చూపించాను. బుల్లియ్య చదువుకోలేదు గానీ ఇసకలో కాలి బొటనవేలితో ఏరు వంపులన్నీ గీశాడు.

"గట్టు ఏరుతో పాటు తిరుగుతుందండి. పిట్టకి గట్టుతో పనేంటండి పంతులుగారూ?" అన్నాడు.

నేను లోపలికి వెళ్ళి మిషన్ వాళ్ళ పటం తీసి దారం పెట్టి కొలిచాను. వంపులు తీసేస్తే పందొమ్మిది మైళ్ళు. నా పరువు ఆ దారంతోనే పోయింది. ఇక ఆగలేక మర్నెల నేనే జేబుగడియారంతో లంకలో కూర్చున్నాను. లాకులో పన్నెండు గంటలు కొట్టగానే వదులుతానని బుల్లియ్య ముందే చెప్పి వెళ్ళాడు. పన్నెండూ ముప్పై అయిదుకు చుక్క రివ్వున వచ్చి గూట్లో దూరింది. నేను లేచి గంతులేశానని లంకవాళ్ళు చెప్పుకుంటారు. వేశాను. ఎందుకు వెయ్యను? నీళ్ళకు ఆరు గంటలు, పిట్టకు అరగంట పైచిలుకు. మధ్యన అయిదు గంటల పైనే మిగులుతోంది. అయిదు గంటల్లో నలభై గడపలేం, నాలుగు వందల గేదెల్ని గట్టెక్కించవచ్చు.

గుర్తు కూడా అప్పుడే ఏర్పాటు చేసుకున్నారు. ఆనకట్ట దగ్గర వరద కనిపిస్తే పిట్ట కాలికి ఎర్ర నూలుపోగు కట్టి వదలాలి. పోగు కనిపించగానే లంకంతా కదలాలి. లంకకు పెద్ద భీమరాజు, వరసకు బుల్లియ్యకు మేనమామ. పిట్ట చెప్పిందని మూటలు కట్టుకుంటే నలుగురూ నవ్వుతారన్నాడు. సరేలే, వచ్చినప్పుడు చూద్దామని మాత్రం అన్నాడు.

ఆ ఏడాది బుల్లియ్య కూతురు లోవమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. తుని దగ్గర లోవలో వెలసిన తలుపులమ్మ తల్లికి మొక్కితే పుట్టిందని ఆ పిల్లకు ఆ పేరు. కాన్పు గండం గడవాలని మరిడమ్మ మళ్ళీ ఆ తల్లికే మొక్కింది. వాళ్ళ ఇంట్లో ఆ మొక్కుకో పద్ధతుంది. ఏడో నెల నుంచి ఆదివారం ఆదివారం, ఇంట్లో కదిలే ప్రతి ప్రాణికీ, పడవ ముక్కుకు కూడా, ఒక్కో ఎర్ర నూలుపోగు కట్టాలి. కాన్పయ్యాక అన్నీ విప్పి తల్లి పాదాల దగ్గర పెట్టాలి. ఈలోగా చేత్తో తెంపితే మొక్కు తెగినట్టే. గేదె కొమ్ముకు పోగు, కుక్క మెడకు పోగు, పావురాల కాళ్ళకు పోగులు. ఎనిమిది వారాలయ్యేసరికి పిట్టల కాళ్ళకు ఎర్రటి బొత్తులు తయారయ్యాయి. ఒకసారి చుక్క ముక్కుతో పొడుచుకుని తన పోగులు ఊడగొట్టుకుంటే మరిడమ్మ ఆ పూట అన్నం మానేసి, దణ్ణం పెట్టుకుని మళ్ళీ అన్నీ కట్టింది. దారాలు బిడ్డల్ని కంటాయా అని నేను ఎగతాళి చేశాను. ఆమె నా గడియారం వైపు చూసి, అది కంటుందా అని అడిగింది.

ఇక్కడ జరిగిన పొరపాటు ఎవరికీ తట్టలేదు. పోగులు కట్టినది మరిడమ్మ, పిట్టల్ని పట్టుకుని అందించినది బుల్లియ్య, పక్కన నిలబడి నవ్వినది నేను. వరద గుర్తూ ఎర్ర పోగే, మొక్కు గుర్తూ ఎర్ర పోగే అని ముగ్గురిలో ఒక్కరికైనా తోచాలా వద్దా?

శ్రావణమాసంలో పులసలు ఎదురెక్కి ఆనకట్ట కింద గుమిగూడతాయి. బుల్లియ్య వలా, బుట్టలో మూడు పావురాలూ పట్టుకుని బయల్దేరాడు. గూట్లో చుక్క పిల్లలు రెండు ఇంకా కళ్ళు తెరిచి వారం కాలేదు. పిల్లతల్లిని తీసుకెళ్ళొద్దని మరిడమ్మ గట్టిగా చెప్పింది. పిల్లతల్లే తొందరగా వస్తుందని అతను తీసుకెళ్ళాడు.

ధవళేశ్వరంలో జరిగింది అతను తర్వాత నాకు చెప్పిందే. మూడో రోజు పొద్దున్న ఎండ కాస్తోంది, గాలి లేదు, చూడటానికి ఏరు మామూలుగానే ఉంది. లాకు దగ్గర పనిచేసే సత్తిరాజు పరిగెత్తుకొచ్చి, ఎగువ నుంచి తంతి వచ్చిందనీ, రాళ్ళ మీద గుర్తులు గంటకో అడుగు మునుగుతున్నాయనీ చెప్పాడు. బుల్లియ్య ఒక్క ఉరుకున మెట్లు దిగి చూశాడు. అతను చూస్తూండగానే ఇంకో గీత మునిగింది. నీళ్ళ రంగు మారి ఎర్రమన్ను వచ్చేసింది. మొలలో దాచుకున్న ఎర్ర నూలు తీసి బుట్ట మూత ఎత్తాడు.

మూడు పిట్టలూ కాళ్ళకు ఎర్ర బొత్తులతో అతని వైపు చూశాయి.

ఎనిమిది పోగుల మీద తొమ్మిదో పోగు కడితే ఎవరు లెక్కపెడతారు? సత్తిరాజు తలపాగా చింపి తెల్లగుడ్డ కట్టమన్నాడు. దానివల్లా లాభం లేదు. కిందటేడు బుల్లియ్య సరదాకని నీలం పేలిక కట్టి వదిలితే, దారిలో ఏదో అమ్మవారికి మొక్కి కట్టాడనుకుని మరిడమ్మ దాన్ని కళ్ళకద్దుకుంది. ఆమెకు కట్టినదల్లా మొక్కే. చీటీ రాసి పంపుదామంటే లంకలో అక్షరం ముక్క వచ్చినవాడు లేడు. ఇంట్లో నిండు చూలాలు. పక్కన నీళ్ళ చప్పుడు పెరుగుతోంది.

అప్పుడతను చేపలు కోసే కత్తి తీశాడు. ఏం చేస్తున్నావురా అని సత్తిరాజు చెయ్యి పట్టుకున్నాడు.

"కడితే మా ఇంటిదానికి తెలీదు. తెంపితే తెలుస్తుంది" అన్నాడు బుల్లియ్య. "నా కూతురి మొక్కు నేను ఊరికే తెంపనని దానికి తెలుసు."

తలుపులమ్మ తల్లి పేరు మూడుసార్లు తలుచుకుని, ఈ తప్పు నాది, పిల్లది కాదు అని పైకే చెప్పి, మూడు బొత్తులూ కోసి మొలలో దోపుకున్నాడు. ఒక పిట్ట కాలు ఖాళీగా ఉంటే తనే ఊడగొట్టుకుందనుకుంటుంది మరిడమ్మ. కనీసం రెండు చేరాలి. మూడుండగా రెండు చేరవా అనుకున్నాడు. లాకులో పదకొండు గంటలు కొడుతూండగా మూడిటినీ ఒకేసారి గాల్లోకి విసిరాడు.

కుర్రోడు అందరికంటే ముందు పైకి లేచింది. అంతే వేగంగా ఆనకట్ట మీద నుంచి ఒక డేగ దిగింది. నాలుగు ఈకలు నీళ్ళ మీద పడ్డాయి.

ఇక మిగిలింది పిల్లతల్లి ఒకటి, సోమరిపోతు ఒకటి. రెండూ చేరాలి. వల అక్కడే వదిలేసి బుల్లియ్య గట్టెక్కి పరుగు మొదలుపెట్టాడు.

ఆ వేళకు నేను బడిలో నాలుగో ఎక్కం చెప్పిస్తున్నాను. పైన పెంకుల మీద చప్పుడైంది. తల ఎత్తకుండానే దొరగారని తెలిసిపోయింది. అలవాటుగా గడియారం చూశాను, పదకొండూ నలభై. బయటికొచ్చి చూస్తే అది కప్పు కొనమీద ఛాతీ పొంగించుకుని నిలబడి ఉంది. కాళ్ళకు ఎర్ర బొత్తి లేదు. నా తెలివి చూడండి. ఇన్నాళ్ళకు బుల్లియ్యకు బుద్ధొచ్చి ఆ దారాలు పీకేశాడని సంతోషించాను. పిల్లల్ని పిలిచి, మూఢనమ్మకాలు ఎలా వదులుతాయో చూడండని ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. దొరగారు అంతసేపూ రెక్కలు దువ్వుకుంటూనే ఉంది. ఉపన్యాసం పది నిమిషాలు సాగింది. అప్పుడది నా పుస్తకం మీదే రెట్ట వేసింది. నాకు ఒళ్ళు మండి మట్టిబెడ్డ విసిరాను. ఆ బెడ్డ విసిరినందుకు ఈ రోజుకీ దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటాను. ఆ పది నిమిషాలు నా నోటివల్లే పోయాయని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇదే చెప్పడం.

లంకలో అప్పటికే చుక్క వచ్చి పిల్లల నోట్లో నోరు పెట్టింది. పొయ్యి మీద ఎసరు ఇంకా మరగలేదు. మరిడమ్మ దాని కాలు చూసి, మళ్ళీ ఊడగొట్టుకున్నావా అని తిట్టి, లోపలికి వెళ్ళి నూలుకండె తెచ్చుకుంది. గూటి ముందు కూర్చుని పోగు తెంపి, ముడి వెయ్యడానికి వంగింది. అప్పుడే దొర చూరు మీద వాలింది. ఆమె తలెత్తి దాని కాళ్ళు చూసింది. ఒక కాలు, రెండో కాలు. చేతిలో పోగు అలాగే ఉండిపోయింది.

వెంటనే లేచి పొయ్యిలో నీళ్ళు పోసింది. మోకాళ్ళ దాకా చీర ఎగదోపుకుని భీమరాజు ఇంటికి పరిగెత్తింది. ఆయన అప్పుడే భోజనానికి కూర్చున్నాడు. ఏరు చూడమన్నాడు, ఎండ చూడమన్నాడు, పిట్టల కాళ్ళకు దారాలు ఊడితే ఊరు ఖాళీ చెయ్యమంటావా అని విసుక్కున్నాడు. వాకిట్లో జనం పోగయ్యారు. ఒకరిద్దరు నవ్వారు కూడా.

మరిడమ్మ గొంతు పెంచలేదు.

"ఎనిమిది వారాల మొక్కు మావయ్యా. లోవమ్మ కాన్పు మొక్కు. ఏరు రాకుండా మీ మేనల్లుడు దాన్ని తెంపుతాడంటారా?"

భీమరాజు ముద్ద కలిపిన చెయ్యి అలాగే ఆగింది. ఆ లంకలో పుట్టి పెరిగిన ప్రతివాడికీ ఆ మాట బరువు తెలుసు. ఎవరూ నవ్వలేదు. ఆయన చెయ్యి కడుక్కోకుండానే లేచి గోడకు వేలాడుతున్న తప్పెట అందుకున్నాడు.

ఆ తప్పెట మోత ఏటికివతల నాకు వినపడింది. అప్పుడు తట్టింది నాకు, మట్టి బుర్రకు. ఎగతాళి చేసిన దారం లేకపోవడమే కబురని. పిల్లల్ని గట్టు వెంట ఊరికి తరిమి, నాలుగు పడవలవాళ్ళను లేపుకుని, పంచె ఎగ్గట్టి నేనూ తెడ్డు పట్టాను. జన్మలో తెడ్డు పట్టినవాణ్ణి కాను. మొదటి పడవలో నా వల్ల సాయం కంటే తిరగడమే ఎక్కువ జరిగింది. కానీ ఆ మధ్యాహ్నం నాకున్న హుషారు నా పెళ్ళినాడు కూడా లేదు. ముసలివాళ్ళు, చంటిపిల్లలు, కోళ్ళగంపలు, విత్తనాల కుండలు, వల మోపులు. పది పడవలు ఇటూ అటూ ఆగకుండా తిరిగాయి. గేదెల్ని కొమ్ములు పట్టుకుని ఈదించారు. లోవమ్మను మంచం మీద పడుకోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. రేవులో దించే సరికి ఆ పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. బడి గదిలోనే చాప పరిచాం. మరిడమ్మ ఆఖరి పడవలో, ఒళ్ళో పావురాల బుట్టతో వచ్చింది. చుక్క తన పిల్లల మీద పొదిగి కూర్చుని ఉంది.

అయిదు గంటలకు నీళ్ళొచ్చాయి. ఎగువ నుంచి ఒక ఎర్రటి అంచు కదిలి వచ్చి లంక కొసను తాకింది. అరగంటలో ఇళ్ళ కప్పులు కదిలాయి. ఇంకో అరగంటకు తాటిచెట్ల తలలు తప్ప కొంగలంక అన్నది లేదు. గట్టు మీద భీమరాజు మనుషుల్ని లెక్కపెట్టాడు. నమ్మకం లేక మళ్ళీ లెక్కపెట్టాడు. నూట ఎనభై ఆరుగురు ఉండాలి, ఉన్నారు. గేదెలు కూడా అన్నీ ఉన్నాయి. ఆయన తలగుడ్డ తీసి మొహం కప్పుకుని ఏడ్చాడు. ఆ రోజు మా గట్టు మీద సంతోషానికి హద్దు లేదు. కొంపలు పోయిన జనం అంతగా నవ్వడం నేను మళ్ళీ చూడలేదు.

ఆ గందరగోళంలో ఎవరో బుట్ట మూత తీస్తే దొరగారు ఎగిరిపోయింది. దానికి తెలిసిన ఇల్లు ఒక్కటే. నీళ్ళ మీద, ఇల్లుండే చోట, గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. పిలిచినా రాలేదు.

పొద్దు వాలుతోంది. బుల్లియ్య ఇంకా రాలేదేమని నేను గట్టు వెంట ఎగువకు నడిచాను. అర మైలు దూరంలో కనిపించాడు. దారిలో కూలబడి కూర్చున్నాడు. కాళ్ళు చిట్లి నెత్తురు కారుతున్నాయి. అతను ఏటి మధ్యకు చూస్తున్నాడు. అక్కణ్ణుంచి మా బడి కనపడదు, గట్టు వంపు అడ్డం. కనపడేదల్లా నీళ్ళూ, తాటి తలలూ, వాటి పైన ఒంటరిగా తిరుగుతున్న దొర. అంతదూరం పరిగెత్తి వచ్చినవాడికి ఇక అడుగు పడలేదు.

నన్ను చూశాడు గానీ భార్యను అడగలేదు, కూతుర్ని అడగలేదు.

"దొర ఒక్కడే వచ్చాడాండి?" అన్నాడు.

"రెండూ వచ్చాయి బుల్లియ్యా. మీ వాళ్ళంతా మా బడిలో ఉన్నారు" అన్నాను.

అతను నా మోచెయ్యి పట్టుకుని లేచాడు. ఆ పట్టుకు నా చెయ్యి రెండు రోజులు నొప్పెట్టింది. బడి మెట్ల దగ్గరికి వచ్చేసరికి లోపల పసిబిడ్డ ఏడుపు వినపడుతోంది. అలవాటుగా నా కళ్ళు గడియారం మీదికి వెళ్ళాయి. ఆరూ నలభై. ఇద్దరూ క్షేమమని మంత్రసాని చెప్పింది, మగపిల్లాడు. బుల్లియ్య మెట్టు ఎక్కలేదు. తను మొక్కు తెంపినవాడిననీ, ముందు మరిడమ్మను పిలవమనీ అన్నాడు.

ఆమె బయటికి వచ్చింది. ఎడమచేతి పిడికిలి బిగించే ఉంది. మధ్యాహ్నం చుక్క కాలికి కట్టబోయిన పోగు అందులో అలాగే ఉంది. మొగుణ్ణి తల నుంచి కాళ్ళ దాకా చూసింది.

"తెంపినవి ఏవి?" అంది.

అతను మొలలోంచి మూడు బొత్తులూ తీసి ఇచ్చాడు. ఆమె మూడోదాన్ని పట్టుకుని బుట్ట వైపు చూసింది. కుర్రోడు ఏడని అడగబోయి, మొగుడి మొహం చూసి ఊరుకుంది. అన్నిటినీ కళ్ళకద్దుకుని కొంగున ముడివేసింది. బాలింత లేచి తిరిగాక తుని వెళదామనీ, తెంపిన సంగతి ఆ తల్లికి అతని నోటితోనే చెప్పుకోమనీ, ఆవిడా పిల్లలతల్లేననీ అంది. ఆ తర్వాత పిడికిలి విప్పి, ఆ పోగును అతని చేతికి కట్టింది. కడుతూ అప్పుడు ఏడ్చింది.

ముడి బిగిసేదాకా కూడా నేను ఆగలేకపోయాను. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? పిట్టల్ని సరిగ్గా ఎన్నింటికి వదిలావని అడిగాను. పదకొండు కొడుతూండగా అన్నాడు. నేను పొంగిపోయి, మా కప్పు మీద దొర వాలింది పదకొండూ నలభైకనీ, ధవళేశ్వరం నుంచి కొంగలంకకు, సోమరిపోతుకైనా సరే, నలభై నిమిషాలేననీ, ఇది నల్లబల్ల మీద రాసిపెడతాననీ చెప్పాను.

బుల్లియ్య లోపలి నుంచి అందించిన మనవణ్ణి రెండు చేతులా ఎత్తుకున్నాడు. చేతికున్న ఎర్ర పోగు ఆ పిల్లాడి చెంపకు తగిలింది.

"కబురుకు నలభై నిమిషాలండి పంతులుగారూ" అన్నాడు. "అది చేరిందో లేదో తెలియనివాడికి ఏడున్నర గంటలు. అదీ రాయండి."

రెండూ రాశాను.